ఎనభై రెండు వేల ఎనిమిది వందల అరవై ఒకటో కాగితం

"ఆపు, ఆపు, ఆపరా."

అనేలోపే అయిపోయింది. గోనెసంచి నిలువునా చీల్చినట్టు మెషిన్ లోపల్నించి చప్పుడు వచ్చింది. పెద్ద కాగితం సగం సిలిండర్‌కి చుట్టుకుపోయింది. మిగతా సగం ముక్కలై గాల్లోకి లేచింది. వాటిలో ఒక ముక్క తాపీగా తిరుగుతూ దిగివచ్చి, ఓనరుగారి బట్టతల మీద వాలింది.

మెషిన్ దానంతటదే ఆగింది. 

ఓనరుగారు ఆ ముక్కని రెండు వేళ్ళతో తీసి చూశారు. గణిత పట్టికల పుస్తకం, నలభై నాలుగో పేజీ. సిరా ఇంకా తడిగానే ఉంది. ఆయన తల మీద ఒక ఏడూ రెండు సున్నాలూ తిరగబడి అచ్చయ్యాయి. ఆ సంగతి చెప్పే ధైర్యం అక్కడ ఎవరికీ లేదు.

"నెల రోజుల్లో ఇది ఎన్నోసారి?" అన్నారు ఆయన.

"మూడోసారండీ," అన్నాడు మెషిన్ నడిపే కుర్రాడు. ముప్పై ఏళ్ళొచ్చినా, కట్టెపుల్లలా ఉంటాడని వాణ్ణి అందరూ బక్కోడనే పిలుస్తారు.

"రబ్బరు పాడైందన్నావు, మార్చాను. కాగితం నాసిరకం అన్నావు, మార్చాను. కరెంటు ఎగుడుదిగుడుగా వస్తోందన్నావు, స్టెబిలైజర్ పెట్టించాను. ఇక మార్చడానికి ఒక్కటే మిగిలింది. అది నువ్వు. సాయంత్రం తాళాలిచ్చేసి ఇంటికెళ్ళు."

బక్కోడు జేబులోని తాళాలు తడుముకున్నాడు. వాడికి ఈ మెషిన్ తప్ప ఇంకో మెషిన్ రాదు. చుట్టుపక్కల ఇలాంటి పాత మెషిన్ ఇంకోటి లేదు. ఇంట్లో భార్యకి ఏడో నెల.

ప్రూఫులు దిద్దే అద్దాల గది తలుపు తెరుచుకుంది. ప్రూఫమ్మ బయటికి వచ్చింది.

ప్రూఫమ్మ బక్కోడికి సొంత అక్క. ఇరవై రెండేళ్ళుగా ఆ ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతోంది. అక్షరాలు దిద్దేవాళ్ళు వేరే ఉన్నారు, ఆవిడ దిద్దేది అంకెలే. వర్గాల పట్టికలు, రైళ్ళ వేళలు, వర్షపాతం లెక్కలు. ఏ సంఖ్య కనిపించినా విడగొట్టి చూడటం ఆవిడకి అలవాటైపోయింది. ఆస్పత్రిలో టోకెన్ చేతికిస్తే, వచ్చిన నొప్పి సంగతి మరిచిపోయి, అది ప్రధాన సంఖ్యో కాదో తేల్చేదాకా కదిలేది కాదు.

"ఓనరుగారూ, వాడి తప్పని ఎలా చెప్పగలరు?" అంది.

"మెషిన్ దగ్గర ఉండేది వాడేగా ప్రూఫమ్మా."

"మెషిన్ లోపల ఉండేది వాడు కాదుగా. నాకు సాయంత్రం దాకా టైమివ్వండి."

"దేనికి?"

"తప్పు దిద్దడానికి. నా పని అదేగా."

ఓనరుగారు ఏదో అనబోయి, చెయ్యి తల మీద పెట్టుకున్నారు. సిరా అరచేతికి అంటింది. దాంతో ఆయనకి కోపం ఎవరి మీద చూపాలో తెలియక, "సాయంత్రం దాకానే," అని గదిలోకి వెళ్ళిపోయారు.

*

మధ్యాహ్నం టీ బల్ల మీద లాగ్‌బుక్ తెరిచి ఉంది. మెషిన్ ఎప్పుడు ఆగినా, కౌంటర్ మీదున్న అంకె అందులో రాయాలి. కాగితం ఉన్నా లేకపోయినా సిలిండర్ ఒక్కసారి తిరిగితే కౌంటర్‌లో ఒకటి పెరుగుతుంది. కొట్టేసి రాయడం, వెనక్కి తిప్పడం కుదరదు.

కాగితం చిరిగిన చోట్లు మూడు కనిపించాయి. 4,00,269. తర్వాత 5,65,991. ఈ ఉదయం 8,14,574.

ప్రూఫమ్మ పెన్సిల్ తీసింది. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే 1,65,722. మూడోదాంట్లోంచి రెండోది తీసేస్తే 2,48,583.

"చూశావా, ఒకదానికొకటి పొంతన లేదు," అన్నాడు బక్కోడు టీ ఊదుకుంటూ. "ఎప్పుడు పడితే అప్పుడు చిరుగుతోంది. నా రాత."

"నీ రాత సంగతి తర్వాత." ఆవిడ పెద్దదాంట్లోంచి చిన్నదాన్ని తీసేసింది. 82,861 మిగిలింది. మళ్ళీ 1,65,722లోంచి 82,861 తీసేసింది. ఈసారీ 82,861 వచ్చింది.

పెన్సిల్ ఆగిపోయింది.

మొదటి ఎడంలో ఆ సంఖ్య సరిగ్గా రెండుసార్లు ఉంది. రెండో ఎడంలో సరిగ్గా మూడుసార్లు. ఒక్క కాగితం ఎక్కువా లేదు, తక్కువా లేదు.

ఆవిడ తమ్ముడి వైపు తిరిగింది. "ఒరేయ్, ఈ నెలలో ఎన్నిసార్లు చిరిగింది?"

"మూడుసార్లని చెప్పాగా."

"నాలుగు లక్షల ఎనభై మూడు వేల నూట ముప్పై దగ్గర చిరగలేదా?"

బక్కోడికి టీ పొలమారింది.

"ఆరు లక్షల నలభై ఎనిమిది వేల ఎనిమిది వందల యాభై రెండు దగ్గర? ఏడు లక్షల ముప్పై ఒక్క వేల ఏడు వందల పదమూడు దగ్గర?"

"నీకెవరు చెప్పారు?"

"నువ్వే. ఇప్పుడు."

వాడు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఆ మూడుసార్లూ ఓనరుగారు బయటికెళ్ళారక్కా. గబగబా తుడిచేసి నడిపేశా. దాచలేదు. రాయలేదంతే."

"రెండింటికీ తేడా ఏంట్రా?"

"దాస్తే తప్పు. రాయకపోతే బద్ధకం."

ఇంకో రోజైతే వాడి వీపు విమానం మోత మోగేది. ఇప్పుడు ఆవిడకి ఆ తీరిక లేదు. ప్రతి 82,861 కాగితాలకీ ఒకసారి, తప్పకుండా, లెక్క తప్పకుండా చిరుగుతోంది. మనుషుల నిర్లక్ష్యం ఇంత పద్ధతిగా ఉండదు. ఇది ఏదో వస్తువు చేస్తున్న పని.

ఆ సంఖ్యని విడగొట్టడం మొదలుపెట్టింది. రెండుతో పోదు, బేసి సంఖ్య. అంకెలన్నీ కలిపితే ఇరవై అయిదు, కాబట్టి మూడుతోనూ పోదు. అయిదుతో పోదు. ఏడుతో భాగిస్తే రెండు మిగిలింది. పదకొండు, పదమూడు, పదిహేడు, పందొమ్మిది, అన్నీ మొండికేశాయి. ఇరవై మూడు, ఇరవై తొమ్మిది, ముప్పై ఒకటి, ముప్పై ఏడు. టీ చల్లారింది. బక్కోడు గోళ్ళు కొరుక్కుంటున్నాడు.

నలభై ఒకటి.

శేషం లేదు. భాగఫలం 2,021.

ఆవిడ మొహం వెలిగిపోయింది. నలభై అయిదు వర్గం 2,025. అందులోంచి నాలుగు తీస్తే 2,021. నాలుగంటే రెండు వర్గం. వర్గంలోంచి వర్గం తీసేస్తే ఏమవుతుందో ఆవిడకి నిద్రలో అడిగినా తెలుసు. నలభై అయిదులోంచి రెండు తీస్తే ఒకటి, నలభై అయిదుకి రెండు కలిపితే ఇంకొకటి. నలభై మూడు, నలభై ఏడు.

"నలభై ఒకటి, నలభై మూడు, నలభై ఏడు," అంది పైకే. "ఒరేయ్, ఫిట్టర్ బాబాయి ఎక్కడున్నాడు?"

*

ఫిట్టర్ బాబాయి మెషిన్ కింద వెల్లకిలా పడుకుని, రోలర్‌కి అతుక్కున్న కాగితం ముక్కలు గీకుతున్నాడు. బయటికి కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. ప్రూఫమ్మ ఆ కాళ్ళతోనే మాట్లాడింది.

"బాబాయ్, కాగితాన్ని పట్టుకునే క్లిప్పుల్ని ఏది తిప్పుతుంది?"

"పక్క కవర్ లోపల మూడు ఇత్తడి చక్రాలుంటాయమ్మాయ్. కాగితానికి ఒక్కో పన్ను చొప్పున ఒకదాన్నొకటి తిప్పుకుంటూ పోతాయి."

"వాటికి పళ్ళెన్ని?"

"ఎవడికి తెలుసు? ఆ కవర్ విప్పి పదిహేనేళ్ళయింది."

"నలభై ఒకటి, నలభై మూడు, నలభై ఏడు."

కాళ్ళు కదలడం మానేశాయి. కాసేపటికి తలకాయ బయటికి వచ్చింది. "నువ్వెప్పుడు చూశావు?"

"చూడలేదు."

బాబాయి లేచి కూర్చున్నాడు. చేతులు గుడ్డకి తుడుచుకుంటూ ఆలోచించాడు. "అలా ఉన్నా ఉండొచ్చు. పాతకాలం పనివాళ్ళు కావాలనే ఇలాంటి వంకర లెక్కలు పెట్టేవాళ్ళు. నలభైకి ఎనభై పెట్టావనుకో, ఎప్పుడూ అదే పన్ను అదే పన్నుని కొరుకుతూ ఉంటుంది. అక్కడే అరిగిపోతుంది. దేనితోనూ భాగం పోని అంకెలు పెడితే, ప్రతి పన్నూ అవతలి ప్రతి పన్నునీ వంతులవారీగా పలకరిస్తుంది. చక్రం వందేళ్ళు బతుకుతుంది."

"మరి మూడు చక్రాలకీ తలో పన్నూ దెబ్బతిందనుకో?"

"ఒక్కటైతే ఏం కాదు, క్లిప్పు వెంట్రుకవాసి తడబడుతుంది. రెండు కలిసినా తట్టుకుంటుంది. మూడూ ఒకేసారి వచ్చి పడితే మటుకు..." బాబాయి చేతిలోని కాగితం ముక్క వైపు చూశాడు. "క్లిప్పు ఆలస్యంగా మూసుకుంటుంది. ఇదిగో, ఇలా అవుతుంది."

"మొదటి పన్ను నలభై ఒక్క కాగితాలకోసారి అక్కడికొస్తుంది. రెండోది నలభై మూడింటికి. మూడోది నలభై ఏడింటికి. మూడూ ఒకేసారి రావాలంటే, మూడింటినీ గుణించినన్ని కాగితాలు నడవాలి." ఆవిడ పెన్సిల్‌తో అరచేతిలో తట్టుకుంది. "ఎనభై రెండు వేల ఎనిమిది వందల అరవై ఒకటి."

ఓనరుగారి గదిలో ఇదంతా మళ్ళీ చెప్పింది. ఆయన తల ఈలోపు కడుక్కున్నట్టున్నారు, ఏడు మసకగా మిగిలింది.

"కవర్ విప్పాలంటే రోజంతా మెషిన్ ఆపాలి. ఒక గుణకారం చూసి మెషిన్ ఆపమంటావా?"

"వద్దు. నడపండి. శుక్రవారం పొద్దున పది దాటాక కౌంటర్ 8,97,435కి వస్తుంది. ఆ కాగితం చిరుగుతుంది. దానికి ముందుదీ చిరగదు, తర్వాతదీ చిరగదు. ఆ టైముకి మా తమ్ముడు మెషిన్ దగ్గర ఉండడు. మీరే నిలబడండి."

"చిరక్కపోతే?"

"వాడితోపాటు నేనూ పోతాను."

ఓనరుగారు ఆవిడ మొహంలోకి చాలాసేపు చూశారు. ఇరవై రెండేళ్ళలో ఆవిడ దిద్దిన పట్టికల్లో ఒక్క అంకె తప్పని ఉత్తరం రాలేదు.

"శుక్రవారం," అన్నారు.

*

శుక్రవారం పదింటికి ప్రెస్సులో ఎవరూ వాళ్ళ చోట లేరు. బైండింగ్ ఆడవాళ్ళు సూదులు పక్కనపెట్టి వచ్చేశారు. డ్రైవర్ బండి గేటు దగ్గరే వదిలేశాడు. బక్కోణ్ణి గది అవతల స్టూలు మీద కూర్చోబెట్టారు. వాడు రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టి, ఫొటోకి కూర్చున్నట్టు కదలకుండా ఉన్నాడు.

మెషిన్ దగ్గర ఓనరుగారు. చొక్కా చేతులు మడిచి, మీట మీద చెయ్యి వేసి నిలబడ్డారు. ఇదే మెషిన్‌ని ఆయన కుర్రతనంలో నడిపారు. కౌంటర్ పక్కన బాబాయి కూర్చుని అంకెలు అరుస్తున్నాడు.

"ఎనిమిది తొంభై ఏడు, నాలుగు వందలు."

నిమిషానికి యాభై కాగితాలు. టక్, టక్, టక్. ప్రూఫమ్మ గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది. లెక్క మీద ఆవిడకి అనుమానం లేదు. కానీ వాడు రాయని బద్ధకాలు ఇంకా ఏమైనా ఉంటే? మొదటి అంకె వాడు సరిగ్గా చూసి రాయకపోయుంటే?

"నాలుగు వందల ఇరవై."

"ఏం కావట్లేదుగా," అన్నాడు డ్రైవర్.

"నువ్వు నోరు మూసుకో," అంది బైండింగ్ పెద్దమ్మ.

"ముప్పై. ముప్పై ఒకటి. రెండు. మూడు. నాలుగు..."

గోనెసంచి చిరిగింది.

ముక్కలు గాల్లోకి లేచాయి. మెషిన్ ఆగిపోయింది. ఓనరుగారు మీట మీద చెయ్యి తియ్యకుండా, నెమ్మదిగా తల వంచి కౌంటర్ వైపు చూశారు. 8,97,435.

 బైండింగ్ పెద్దమ్మ చప్పట్లు మొదలుపెట్టింది. కాగితం చిరిగినందుకు ఆ ప్రెస్సులో చప్పట్లు కొట్టడం అదే మొదటిసారి. బక్కోడు స్టూలు మీదనించి లేచి, ఎవరూ లేవమనలేదని గుర్తొచ్చి, మళ్ళీ కూర్చున్నాడు.

"కవర్ విప్పు," అన్నారు ఓనరుగారు.

గంటన్నర పట్టింది. తుప్పు పట్టిన బోల్టులు ఒక్కొక్కటే వదిలాయి. కవర్ తీయగానే నల్లటి గ్రీజులో మూడు ఇత్తడి చక్రాలు బయటపడ్డాయి. బాబాయి సుద్దముక్కతో ఒక పన్ను మీద గుర్తుపెట్టి లెక్కపెట్టాడు. అందరూ పెదవులు కదుపుతూ లెక్కపెట్టారు. నలభై ఒకటి. నలభై మూడు. మూడోసారి నలభై అయిదు దగ్గర డ్రైవర్ తుమ్మాడు, మళ్ళీ మొదట్నించి లెక్కపెట్టాల్సి వచ్చింది. నలభై ఏడు.

ప్రతి చక్రానికీ ఒక్కొక్క పన్ను వంగి ఉంది.

"అమ్మాయ్, నువ్వు ఇక్కడుండాల్సినదానివి కాదు," అన్నాడు బాబాయి. అంతకంటే పెద్ద మెచ్చుకోలు ఆయన నోట ఎవరూ వినలేదు.

ఓనరుగారు స్టూలు దాకా వెళ్ళి బక్కోడి భుజం తట్టారు. "పో, చేతులు కడుక్కుని రా. చక్రాలు బాగుచేయించాక నువ్వే నడుపుదువుగాని." తర్వాత వెనక్కి తిరిగారు. ఆయన కళ్ళు సన్నబడ్డాయి. "కానీ పళ్ళు వాటంతటవి వంగవు. ఇది ఎవరో చేసిన పని."

"గట్టిది ఏదో లోపల పడింది," అన్నాడు బాబాయి చక్రాల మీద వేలు పెట్టి. "మూడింటి మధ్యా అడ్డంగా ఇరుక్కుంది. మూడు పళ్ళకీ ఒకటే దెబ్బ. ఇదిగో, గీతలు ఒకే వరసలో ఉన్నాయి."

"ఎప్పుడు పడింది, ఎవరు పడేశారు, ఎలా తెలుస్తుంది?"

"తెలుస్తుంది," అంది ప్రూఫమ్మ. విజయం ఆవిడకి బాగా తలకెక్కింది. "దెబ్బ ఒకేసారి తగిలిందంటే, ఆ క్షణాన మూడు పళ్ళూ ఒకేచోట కలిశాయన్నమాట. మళ్ళీ కలవడానికి 82,861 కాగితాలు పడుతుంది. అలా కలిసినప్పుడే మొదటిసారి చిరిగింది. కాబట్టి మొదటి అంకెలోంచి 82,861 తీసేస్తే, ఏ కాగితం దగ్గర పడిందో వస్తుంది. 4,00,269లోంచి తీస్తే..." గాల్లో వేలితో రాసింది. "3,17,408. లాగ్‌బుక్‌లో ఆ పేజీ తియ్యండి. పేరు అందులోనే ఉంటుంది."

ఓనరుగారు పేజీలు తిప్పారు. ఒకచోట ఆగారు. గట్టిగా చదివారు.

"3,17,408. మెషిన్ తొమ్మిది నిమిషాలు ఆగింది. కారణం." ఆయన ఆగారు. "కారణం ఖాళీ. కింద సంతకం నీదేరా."

బక్కోడు చేతులు కడుక్కోవడానికి కుళాయి దాకా వెళ్ళి, అక్కడే ఆగిపోయాడు.

"ఏం పడేశావు?"

"గుర్తులేదండీ."

"తొమ్మిది నిమిషాలు మెషిన్ ఆపి, నెల తిరక్కుండా మర్చిపోయావా?"

వాడు నేల చూశాడు. "మర్చిపోయానండీ."

ప్రూఫమ్మకి ఒళ్ళు మండిపోయింది. నాలుగు రోజులు తిండి మానేసి కాపాడితే వీడు చేసిన నిర్వాకం ఇదా? తిట్టడానికి నోరు తెరిచింది. వాడు తలెత్తి ఆవిడ వైపు చూశాడు. వద్దక్కా అన్నట్టు, కనపడీ కనపడకుండా తల అడ్డంగా ఊపాడు.

తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

తొమ్మిది నిమిషాలు. పట్టికల పుస్తకంలో తొలి పేజీలు అచ్చవుతున్న రోజు ఆవిడకి గుర్తొచ్చింది. అద్దాల గదిలోంచి చూస్తే, మెషిన్ మీదనించి దిగుతున్న కాగితాల్లో ఒక ఎనిమిది మూడులా కనిపించింది. వేల కాగితాల్లో తప్పు అంకె పోతోందనుకుంది. చేతిలో ఉన్న స్టీలు స్కేలుతోనే పరుగెత్తింది. ఇనుప వస్తువులతో మెషిన్ దగ్గరికి రాకూడదని గోడ మీద అంత పెద్ద అక్షరాలతో ఉంటే చూడనేలేదు. కాగితం లాగబోయి వంగింది, స్కేలు జారింది, కవర్ సందులోంచి లోపలికి పోయింది. కరకరమని చప్పుడు. తమ్ముడు మెషిన్ ఆపి, వంకర తిరిగిన స్కేలు బయటికి లాగి, చేత్తో తిప్పి చూశాడు. బాగానే తిరిగింది. ఎనిమిది కూడా బాగానే ఉంది, దాని మీద పడింది కాగితం నలుసు.

అప్పుడు వాడి చెయ్యి పట్టుకుని అన్నది ఆవిడే. ఒరేయ్, ఇది రాయకురా, నా పరువు పోతుంది. ఆ తర్వాత నాలుగు రోజులకి గానీ మొదటి కాగితం చిరగలేదు. రెండింటినీ ముడిపెట్టాలని ఆవిడకి తట్టలేదు.

"అక్కచెల్లెళ్ళు ఎంత తెలివిగలవాళ్ళైతే ఏం లాభం," అన్నారు ఓనరుగారు బక్కోడితో, నిజంగానే బాధపడుతూ. "పోనీలే అని ఊరుకుందామనుకున్నాను. కానీ అబద్ధమాడేవాడి చేతిలో మెషిన్ ఎలా పెట్టను? తాళాలు బల్ల మీద పెట్టు."

బక్కోడు జేబులో చెయ్యి పెట్టాడు. తాళాల గుత్తి గలగలమంది.

లెక్క ఇప్పుడు అందరికీ తెలుసు. నిజం ఇద్దరికే తెలుసు. ఆ ఇద్దరిలో ఒకడు నోరు విప్పడు, భార్యకి ఏడో నెల అయినా సరే.

ప్రూఫమ్మ ముందుకొచ్చి ఓనరుగారి జేబులోంచి పెన్ను తీసుకుంది. ఆయన చేతుల్లో తెరిచి ఉన్న లాగ్‌బుక్ మీదే, ఆ ఖాళీలో గుండ్రటి అక్షరాలతో రాసింది. రాయడం అయ్యాక, ప్రూఫు గదిలో ఒకరు చదువుతుంటే ఇంకొకరు సరిచూసుకునేటప్పుడు ఎలా చదువుతారో అలాగే, చుక్కలతో గీతలతో సహా, ప్రెస్సంతా వినేలా చదివింది.

"కారణం, కోలన్. ప్రూఫ్‌రీడర్ స్టీలు స్కేలు లోపల పడేసింది, కామా, రాయొద్దని మెషిన్ నడిపేవాణ్ణి బతిమాలింది, ఫుల్‌స్టాప్. తప్పు చేసింది నేను, ఫుల్‌స్టాప్."